పాసేజీ అర్థమైనా మార్కులు పోతున్నాయా? ముందు తప్పు ఏ రకమో చూడండి

నల్గొండలో సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు, ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు ఇంగ్లిష్, తెలుగు చెబుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అనేవి రెండే మాటలు. ఒకటి: "పాసేజీ అర్థమైతుంది సార్, ఆన్సరే తప్పు పోతుంది." రెండోది: "ఇంగ్లిష్ వీక్ సార్." ఈ రెండో మాట నేను అంత తొందరగా నమ్మను. తప్పు పోయిన పది బిట్లు ముందేసుకుని కూర్చుంటే, అందులో నిజంగా భాష రాక పోయినవి రెండో మూడో తేలుతాయి. మిగతావాటికి వేరే కారణాలు ఉంటాయి. ఏ జ్వరమో చూడకుండా అందరికీ ఒకటే గోలీ ఇచ్చినట్టు "రోజూ పది పాసేజీలు చెయ్యి" అని చెప్పడం నాకు నచ్చదు. తప్పు చేసే పద్ధతి మారకుండా పది చేస్తే ఆ తప్పే పదిసార్లు అలవాటవుతుంది.

కాబట్టి ముందు మీరు రాసిన చివరి మూడు మోడల్ పేపర్లు తీయండి. పాసేజీల్లో తప్పు పోయిన ప్రతి బిట్టు పక్కన "ఇది ఎందుకు పెట్టాను?" అని ఒక్క లైను రాయండి. ఆ లైన్లు చేతిలో ఉంటే, కింద చెప్పేవాటిలో మీది ఏదో మీకే తెలుస్తుంది.

మనకు తెలిసిన సంగతే వచ్చింది, అయినా తప్పు

తెలియని విషయం మీద పాసేజీ వస్తే ఐదుకు నాలుగు కరెక్టు. బాగా తెలిసిన విషయం మీద వస్తే రెండే. వింతగా ఉంటుంది కానీ ఇది నేను చాలాసార్లు చూశాను. దీన్ని పట్టుకోవడానికి క్లాసులో ఒక చిన్న గద్యం ఇస్తుంటాను:

"తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించి ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద మచ్చలు పడతాయి, ఎముకలు వంకర తిరుగుతాయి. నాగ్‌పూర్‌లోని నీరి పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ చేర్చి కలియబెడతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మడ్డి అడుగుకు దిగాక పైనీటిని వడపోస్తారు."

ప్రశ్న: గద్యం ప్రకారం ఫ్లోరైడ్ బెడద తగ్గించే మార్గం ఏది? ఆప్షన్లు: కృష్ణా నీళ్లను పైపుల ద్వారా ఊళ్లకు ఇవ్వడం, పటికా సున్నం లాంటివి కలిపి తేర్చి వడపోయడం, నీటిని మరిగించడం, బోర్లు ఇంకా లోతుగా వేయడం.

ఫ్లోరైడ్ బెడద ఉన్న మా జిల్లా మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పిల్లలు తడుముకోకుండా మొదటిది పెడతారు. వాళ్ల ఇళ్లలో జరిగింది అదే మరి. మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చాకే బోరు నీళ్లు మానేశారు. బయట ఎవరైనా అడిగితే ఆ జవాబు సరైనదే. కానీ గద్యంలో కృష్ణా అన్న మాటే లేదు. (మరిగించడం అని పెట్టినవాళ్లకు మాత్రం విడిగా చెప్పాల్సి వస్తుంది: మరిగిస్తే నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.)

తెలిసిన విషయం కనబడగానే కళ్లు లైన్ల మీద నడుస్తుంటాయి, బుర్ర మాత్రం తన దగ్గరున్న పాత సమాచారం చదువుకుంటుంది. నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. చాలా ఏళ్ల కింద ఒక బ్యాంకు పరీక్షలో చేనేత మీద పాసేజీ వచ్చింది. మా అమ్మమ్మ వాళ్లది పోచంపల్లి పక్క ఊరు. చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలును అక్కడక్కడా బిగించి కట్టడం), రంగు అద్దడం చూస్తూ పెరిగినవాణ్ని. ఆ సంతోషంలో సగం చదివి ఐదూ పెట్టేసి బయటికొచ్చాను. ఇంగ్లిష్ కటాఫ్ ఒకటిన్నర మార్కుతో పోయింది.

దీనికి మందు ఒకటే. జవాబు గుర్తుపెట్టే ముందు "ఇది ఏ లైనులో ఉంది?" అని మిమ్మల్ని మీరే అడిగి, ఆ లైను మీద పెన్సిలు పెట్టాలి. పెన్సిలు పెట్టే చోటు దొరకలేదంటే ఆ జవాబు మీ సొంతం, గద్యానిది కాదు. "దీన్ని బట్టి ఏం తెలుస్తోంది?" లాంటి బిట్లకు అచ్చంగా ఆ మాటలే దొరకవు. అక్కడ గద్యం నుంచి ఒక్క అడుగు వేయొచ్చు. పై గద్యాన్ని బట్టి "నీళ్లు శుద్ధి కావడానికి కొంతసేపు ఆగాలి" అనుకోవచ్చు, మడ్డి దిగాలని ఉంది కాబట్టి. "ఈ పద్ధతి ఇప్పుడు ఎవరూ వాడటం లేదు" అంటే మాత్రం గీత దాటినట్టే.

రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోతారు, చివరికి తప్పుదే పెడతారు

ఇది అందరికంటే బాగా చదివేవాళ్లకు వచ్చే జబ్బు. కారణం ఏంటంటే, ఏది సరైనదా అని వెతుకుతారు. పేపరు తయారు చేసినాయన మాత్రం తప్పు ఆప్షన్లను కొన్ని లెక్కల ప్రకారం తయారు చేస్తాడు. ఆ లెక్క తెలిస్తే కొట్టేయడం సులువు. పాలమూరులోని పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుతో చూద్దాం:

"మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి సుమారు 700 ఏళ్ల నాటిదని చెబుతారు. 2017 చివర్లో చెదలు పట్టిన కొమ్మ విరిగిపడటంతో సందర్శకులను ఆపేశారు. చెదల మందును మొదట మానులోకి ఎక్కించి చూస్తే బయటికి కారిపోయింది. తర్వాత సెలైన్ సీసాల్లో మందు కలిపి, చెట్టు పొడవునా చుక్కచుక్కగా ఎక్కించారు."

ప్రశ్న: సెలైన్ పద్ధతికి ఎందుకు మారారు?

"చెట్టు చాలా పాతది కాబట్టి." ఇది గద్యంలో ఉన్న నిజమే, కానీ అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. నా అనుభవంలో ఎక్కువ మంది పడేది ఈ గుంతలోనే, ఎందుకంటే పెన్సిలు పెట్టడానికి లైను దొరుకుతుంది. "సెలైన్ పద్ధతి చౌక కాబట్టి." వినడానికి బాగుంది, గద్యంలో లేదు. "సందర్శకులు కొమ్మలు విరిచినందువల్ల." గద్యంలోని మాటలనే తీసుకుని తిరగేసి కుట్టారు. సందర్శకులు ఉన్నారు, కొమ్మ విరగడం ఉంది, కానీ విరిచింది వాళ్లు కాదు. "మొదటి పద్ధతిలో మందు లోపల నిలవలేదు కాబట్టి." ఇదీ జవాబు. చూడండి, గద్యంలో "కారిపోయింది" అని ఉంటే ఆప్షన్లో "నిలవలేదు" అని మార్చారు. సరైన జవాబు తరచూ ఇలా మారువేషంలోనే వస్తుంది. గద్యంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు కనబడే ఆప్షన్‌ను కొంచెం అనుమానంగా చూడటం మంచిదే.

ఇంకో గుర్తు: "ఎప్పుడూ", "మాత్రమే", "అందరూ", "పూర్తిగా" అన్న మాటలున్న ఆప్షన్. గద్యం అంత గట్టిగా చెప్పిందా అని వెనక్కి వెళ్లి చూడండి. "చెబుతారు" అన్నదాన్ని "రుజువైంది" అని మార్చే పేపర్లు చూశాను.

రెండు కొట్టేశాక కూడా తేలకపోతే? టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, వదిలేయడం అనేదే ఉండకూడదు. ఎస్ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) టయర్-1లో కరెక్టుకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. మిగిలిన రెండింట్లో ఒకటి చొప్పున నాలుగు బిట్లు పెడితే, సగం తప్పినా 4 వచ్చి 1 పోతుంది. లాభమే. ఏదీ కొట్టేయలేని బిట్టును మాత్రం వదిలి ముందుకు పోవడం నయం, అక్కడ కూర్చున్న సమయమే అసలు నష్టం.

ఇంగ్లిష్ పొడుగు వాక్యం రాగానే తికమక

తెలుగు మీడియంలో చదివినవాళ్లు దీన్ని గ్రామర్ రాకపోవడం అనుకుంటారు. నా లెక్కలో ఇది రెండు భాషల నడక తేడా. "ద వాటర్ దట్ ద విలేజర్స్ డ్రా ఫ్రమ్ ద ఓల్డ్ బోర్‌వెల్ కంటైన్స్ ఫ్లోరైడ్." దీనికి ఒక తమ్ముడు "ఊరోళ్లల్లో ఫ్లోరైడ్ ఉంది" అని అర్థం చెప్పాడు. నవ్వాం గానీ, తప్పు అతనిది కాదు. "పాత బోరు నుంచి ఊరివాళ్లు తోడుకునే నీళ్లు" అని మనం విశేషాలన్నీ ముందు చెప్పి పేరు చివర చెబుతాం. ఇంగ్లిష్‌లో పేరు ముందు వస్తుంది, దాని విశేషాలు తోకలా వెనక వేలాడుతాయి. మనం అలవాటుగా ఆ తోకలో ఉన్న మరో పేరును పట్టుకుంటాం.

పొడుగు వాక్యం కనబడితే మాటమాటకూ తెలుగు వెతక్కండి. మొదట ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ పేరు కింద గీత గీయండి: వాటర్. "దట్", "విచ్", "హూ" దగ్గర నుంచి తోక మొదలైందని బ్రాకెట్ పెట్టండి. బ్రాకెట్ ముగిశాక వచ్చే క్రియ కింద రెండో గీత: కంటైన్స్. నీళ్లలో ఉంది. అంతే. రోజుకు ఐదు వాక్యాలు చాలు, కానీ రాసి చేయాలి. నెల తర్వాత బ్రాకెట్లు కళ్లతోనే పెట్టేస్తారు.

దీంతోపాటే "ఇట్", "దే", "దిస్" కనబడినప్పుడల్లా అది ఎవరిని చూపిస్తోందో బాణం గీయండి. తెలుగు గద్యంలోనూ "అది", "వారు", "ఆ పద్ధతి" దగ్గర ఇదే పని.

చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతారు

అన్నింటినీ ఒకే బరువుతో చదవడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. గైడ్లలో పిల్లలు ప్రతి లైను కిందా గీత గీసి ఉంటారు, పేజీ అంతా జొన్న చేను సాళ్లలా ఉంటుంది. అన్నిటికీ గీత గీస్తే దేనికీ గీయనట్టే.

పేరా అయిపోగానే తల ఎత్తి, చూడకుండా, రెండు మూడు మాటల్లో చెప్పుకోండి. భూదానం మీద పాసేజీ ఉందనుకుందాం: 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి వచ్చిన వినోబా భావేను అక్కడి దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తాననడం, అక్కడి నుంచి అది దేశమంతా ఉద్యమం కావడం. పక్కన రాయాల్సింది "అడిగారు, ఎక్కువే ఇచ్చారు, పాకింది". సంవత్సరాలు, ఎకరాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అంకెలు పేజీలో దూరం నుంచే కనబడతాయి, బిట్టు అడిగినప్పుడు వెళ్లి తెచ్చుకోవచ్చు. ఆ మూడు మాటలు దగ్గరుంటే "గద్యానికి తగిన శీర్షిక", "ముఖ్య ఉద్దేశం" బిట్లు దాదాపు ఉచితం.

ఇంటి దగ్గర దీనికి అభ్యాసం కావాలంటే గ్రంథాలయానికి వెళ్లి పేపర్లో సంపాదకీయం ఒకటి చదవండి, పేపరు మూసేసి రచయిత ఏమంటున్నాడో ఒక్క వాక్యం రాయండి, మళ్లీ తెరిచి సరిచూసుకోండి. మూయకుండా రాస్తే ఫలితం ఉండదు.

టైం చాలడం లేదు

బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 బిట్లకు 20 నిమిషాలు. అంటే బిట్టుకు 40 సెకన్లు, పాసేజీ చదివే సమయం కూడా అందులోనే. ఇక్కడ రెండు రకాలవాళ్లు ఉంటారు. నెమ్మదిగా చదివేవాళ్లు కొందరు. ఎక్కువ మంది మాత్రం ఒకే లైనును మూడుసార్లు చదివేవాళ్లు. మీరు ఏ రకమో తెలియాలంటే లైను వెంట పెన్ను మొన జరుపుతూ, వెనక్కి పోకుండా ఒకసారి చదవండి. సమయం బాగా తగ్గిందంటే మీరు రెండో రకం. పెన్ను జరపడం కొనసాగించండి, అదే మందు.

"పాసేజీ చదవకండి, బిట్లలోని మాటలను పట్టుకుని వెతకండి" అని చెప్పే కోచింగ్ సార్లున్నారు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అనే బిట్లకు పనిచేస్తుంది. ఎందుకు, ఉద్దేశం, రచయిత ధోరణి అనేవాటికి పనిచేయదు. నేను చెప్పేది మధ్యదారి: ముందు బిట్లు మాత్రం చదవండి, ఆప్షన్లు వద్దు. తర్వాత పాసేజీ ఒకేసారి పూర్తిగా. ఆప్షన్లు ముందే చదివితే మూడు అబద్ధాలు బుర్రలో పెట్టుకుని పాసేజీలోకి వెళ్లినట్టు అవుతుంది. నిమిషానికి వెయ్యి మాటలు చదివిస్తామనే కోర్సులకు డబ్బు పెట్టకండి.

తెలియని మాట వచ్చింది

ఆగకండి. ముందూ వెనకా లైన్లు చూసి అది మంచి మాటా చెడ్డ మాటా అని తేల్చుకుంటే చాలావరకు సరిపోతుంది. "బట్", "హవెవర్" పక్కన ఉంటే ముందు చెప్పినదానికి ఎదురు తిరిగిందని అర్థం.

ఇంట్లో వస్తుంది, హాల్లో రాదు

టెన్షన్ అని ఒక్క మాటలో తీసేయకండి. ఇంట్లో మీరు ఛాయ్ తాగి, కాగితం మీద, ఒక్క పాసేజీ చేస్తారు. పరీక్ష రోజు తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాద్‌లోని ఎల్‌బీనగర్‌లో దిగి, సెంటరు వెతుక్కుని, కంప్యూటరు ముందు కూర్చుంటారు. స్క్రీన్ మీద గీత గీయలేరు, పెన్ను జరపలేరు. ఇంట్లో చేసిన అభ్యాసానికి, అక్కడి పనికి పోలికే లేదు.

చివరి నెలలో వారానికి రెండుసార్లు పాసేజీలు స్క్రీన్ మీదే చేయండి, ఫోన్‌లో కాదు, నెట్ సెంటర్‌లో గంట తీసుకున్నా సరే. గీతల బదులు రఫ్ కాగితం మీద పేరాకు ఒక మాట రాయడం అలవాటు చేసుకోండి. లెక్కలైనా రీజనింగైనా అరగంట చేసి అలసిపోయాక పాసేజీ పట్టండి, పరీక్షలో బుర్ర ఉండేది ఆ స్థితిలోనే.

పదో తరగతి పిల్లలకు

అపరిచిత గద్యం కింద జవాబు రాయమంటే మొత్తం పేరా దించేస్తారు. జవాబు అందులో ఉంటుంది, కానీ దిద్దేవాళ్లు వెతుక్కోవాలి. ప్రశ్నలో "ఎందుకు" ఉంటే మీ వాక్యం "ఎందుకంటే"తోనో "కాబట్టి"తోనో కుదరాలి. కుదరకపోతే వేరే లైను తెచ్చారన్నమాట.

ఇవేవీ కావు, పది నిమిషాలకే తలనొప్పి, లైన్లు కలిసిపోతున్నాయి

ఇది చదువు సమస్య కాకపోవచ్చు, కంటి పరీక్ష చేయించండి. మా దగ్గర ఒక అమ్మాయి రెండు నెలలు "లైను తప్పుతున్నా సార్" అంటుంటే నేను పెన్ను జరపమని చెబుతూ వచ్చాను. ఆమెకు కావాల్సింది అద్దాలు. అది నాకంటే ముందు వాళ్ల అమ్మ కనిపెట్టింది.