చెన్నైలో క్రూజ్ ఎక్కే ముందు రోజు ఊరు ఎలా చూడాలి? రాయలసీమ నుంచి వెళ్లేవాళ్లకు

కడప, కర్నూలు, అనంతపురం వైపు వాళ్లకు క్రూజ్ ఎక్కడానికి చెన్నై రేవు అనువు. ఓడ కదిలేది మధ్యాహ్నమో సాయంత్రమో కదా, ఆ పొద్దున దిగితే సరిపోదా అనుకుంటారు చాలామంది. సరిపోదు. ఓడ మీకోసం ఆగదు. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు నందలూరు, రాజంపేట మధ్య రైలు కట్టే కొట్టుకుపోయింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాల కాలంలో, ఈ దారిలో గంటలు లెక్కేసుకుని బయల్దేరడం అస్సలు మంచిది కాదు. ఒక రోజు ముందే చేరి, ఆ రోజు ఊరు చూడండి.

1. ఇంట్లోనే ముగించాల్సిన పనులు

వెబ్ చెక్-ఇన్ పూర్తి చేసి, బోర్డింగ్ పాస్, లగేజీ ట్యాగులు కాగితం మీద ప్రింట్ తీయించుకోండి. చెన్నైలో జిరాక్స్ షాపు కోసం వెతుకుతూ గంట పోగొట్టుకోవద్దు. విశాఖ, పుదుచ్చేరి లాంటి చోట్లకు వెళ్లే ఓడైతే అసలు గుర్తింపు కార్డు ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరకపోవచ్చు. శ్రీలంక వెళ్లే ఓడైతే పాస్‌పోర్టు, ఆ దేశం ఇచ్చే ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి కావాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉందో లేదో చూసుకోండి. పిల్లలవి కూడా చూడండి, వాళ్ల పాస్‌పోర్టుల గడువు పెద్దవాళ్లవాటికంటే తక్కువ.

సామాను రెండుగా సర్దాలి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుని, కొన్ని గంటల తర్వాత కేబిన్‌కు చేరుస్తారు. అందుకే కాగితాలు, మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. ఇక సద్ది సంగతి. బొరుగులు, చెనిక్కాయల ఉండలు, కారం పొడి రైలు వరకే. చాలా ఓడల్లో బయటి తిండి పైకి రానివ్వరు, ఇస్త్రీ పెట్టె కూడా అంతే.

2. చేరడం, సామాను దించడం

కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి వాళ్లు ముంబై–చెన్నై లైన్లో రాత్రి రైలెక్కి పొద్దున్నే చెన్నైలో దిగేలా చూసుకోండి. అనంతపురం వాళ్లు గుత్తికో గుంతకల్లుకో, కర్నూలు వాళ్లు డోన్ మీదుగా గుత్తికో వచ్చి ఎక్కవచ్చు. కారులో కడప నుంచి రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా సుమారు 260 కిలోమీటర్లు. కానీ ఓడలో ఉన్నన్నాళ్లూ కారు ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. రైలే నయం.

గది ఎగ్మూరు, సెంట్రల్ స్టేషన్, ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల తీసుకోండి. రేవు అక్కడికి దగ్గర. బీచ్ అందంగా ఉందని దక్షిణాన తిరువాన్మియూరులో గది తీసుకుంటే మర్నాడు పొద్దున ఊరంతా దాటుకుని రావాలి. పొద్దున్నే గది ఇవ్వకపోతే సామాను హోటల్లోనే ఉంచమని అడగండి, లేదా సెంట్రల్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. అక్కడ తాళం లేని పెట్టె తీసుకోరు, రైలు టికెట్టూ అడుగుతారు.

3. పొద్దున: మైలాపూర్

గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి కపాలీశ్వరుణ్ణి ముందు చూడాలి. సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్. వేళచ్చేరి వెళ్లే రైలెక్కి తిరుమయిలైలో దిగితే గుడి నడిచేంత దూరం. ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు: పక్కనే పార్క్ అని ఇంకో స్టేషన్ ఉంది, అక్కడ తాంబరం రైళ్లు ఆగుతాయి. బోర్డు మీద ‘టౌన్’ చూసి లోపలికి వెళ్లండి.

దర్శనం, టిఫిన్ అయ్యాక తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు ఒకటుంది. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారకం. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి 58 రోజులు నిరాహారంగా ఉండి, డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచిన చోటు అది. ఆ మరుసటి ఏడాదే కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. అక్కడ గడిపేది పావుగంటే అయినా పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

4. మధ్యాహ్నం: నీడ పట్టున

మన ఎండకు అలవాటుపడ్డవాళ్లు చెన్నై ఎండను తక్కువ అంచనా వేస్తారు. కడపలో నలభై దాటినా చెమట వెంటనే ఆరిపోతుంది. చెన్నైలో ముప్పై అయిదుకే గాలిలోని తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, కాళ్లు లాగేస్తాయి. పన్నెండు నుంచి మూడున్నర దాకా బయట తిరగొద్దు. తలా లీటరు నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకోండి.

ఆ వేళకు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం సరైన చోటు. 1851లో మొదలైంది. అమరావతి స్తూపం నుంచి తెచ్చిన సున్నపురాతి శిల్పాలు ఇక్కడున్నాయి. ఆంధ్ర నేల మీద చెక్కినవాటిలో చాలావాటిని చూడాలంటే చెన్నైకి రావాల్సి వస్తోంది మరి. వాటికి ఒక గంట, కంచు విగ్రహాల గ్యాలరీకి ఒక గంట ఇవ్వండి, మిగతా గదులు వదిలేసినా ఫర్వాలేదు. శుక్రవారం సెలవు. ఆ రోజు సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియం కూడా మూసే ఉంటుంది కనుక భోంచేసి గదిలో పడుకోవడమే మేలు.

మహాబలిపురం పోదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. దక్షిణాన దాదాపు 60 కిలోమీటర్లు, పోయి వచ్చేసరికి రోజు అయిపోతుంది.

5. సాయంత్రం: ట్రిప్లికేన్, మెరీనా

నాలుగు తర్వాత ఆటోలో ట్రిప్లికేన్ పార్థసారథి గుడికి వెళ్లి, అక్కడి నుంచి నడిచి మెరీనా చేరండి. ఆటో ఛార్జీ ఎక్కే ముందే మాట్లాడుకోండి, లేదా యాప్‌లో బుక్ చేయండి. సముద్రం తూర్పున ఉంటుంది, కాబట్టి సూర్యుడు నీళ్లలో మునగడం కనిపించదు. ఊరి వెనక దిగిపోతాడు. చల్లగాలి కోసమే ఈ వేళ. రోడ్డు నుంచి అలల దాకా చాలా ఇసుక నడవాలి, పెద్దవాళ్లుంటే రోడ్డు పక్క నడకదారిలోనే కూర్చోబెట్టండి.

నీళ్లలోకి దిగవద్దు. లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుక కూడా పోతుంది. ఈత వచ్చినవాళ్లూ ఇక్కడ చనిపోయారు. వేడి సుండల్ (గుగ్గిళ్లు) తినండి, కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన రసాలు ఈ ఒక్క రోజు మానేయండి. ఓడ ఎక్కే ముందు ఆరోగ్యం గురించి అడుగుతారు, వాంతులూ విరేచనాలతో వచ్చినవాళ్లను ఆపేయవచ్చు.

చేపాక్ స్టేషన్ నుంచి మళ్లీ పార్క్ టౌన్ వచ్చేయండి. ఎనిమిదింటికి గదిలో ఉండాలి.

6. మర్నాడు పొద్దున

కడుపు తిప్పుతుందని భయముంటే డాక్టర్ రాసిచ్చిన మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే అది కడుపులో నిలవదు. టిఫిన్ ఇడ్లీ లాంటిది చాలు.

టికెట్ మీద చూడాల్సింది బోర్డింగ్ ముగిసే సమయం, ఓడ కదిలే సమయం కాదు. రెండింటి మధ్య గంటల తేడా ఉంటుంది. బోర్డింగ్ మొదలయ్యే వేళకే రేవు గేటు దగ్గరుండండి. రేవు ముందున్న రాజాజీ సాలై రోడ్డులో, ప్యారిస్ దగ్గర పొద్దున ట్రాఫిక్ బాగా ఆగిపోతుంది, రెండు మూడు కిలోమీటర్లకైనా ముప్పావుగంట పెట్టుకోండి. మీకు చెప్పిన గేటు నంబరు డ్రైవరుకు ముందే చూపించండి, రేవుకు గేట్లు చాలా ఉన్నాయి. పెట్టె కూలీ చేతికిచ్చే ముందు ట్యాగు మీద పేరు, కేబిన్ నంబరు సరిగా ఉన్నాయో లేదో చదివి, పిన్నులు కొట్టించి, ఆ ట్యాగును ఫొటో తీసి ఉంచుకోండి.