ప్రయాణానికి జూమ్ కెమెరా – 3వ పాఠం: లెన్సు అంకెలు చదవడం

గత పాఠంలో సెన్సర్ పరిమాణం గురించి తెలుసుకున్నాం. కెమెరా పెట్టె మీద అన్నిటికంటే పెద్దగా అచ్చు వేసేది మాత్రం సెన్సర్ వివరం కాదు, జూమ్ ఎన్ని రెట్లు అన్న అంకె. విశాఖ జగదాంబ సెంటర్‌లో దుకాణానికి వెళ్ళినా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వెతికినా ముందుగా కంటబడేది అదే కనుక, ఈ పాఠాన్ని దానికే కేటాయిస్తున్నాను.

లెన్సు దృశ్యాన్ని ఎంత దగ్గరగా లాగి చూపుతుందో తెలిపే మి.మీ. అంకెను ఫోకల్ లెంగ్త్ అంటారు. రెట్లు అంటే లెన్సు గరిష్ఠ ఫోకల్ లెంగ్త్‌ను కనిష్ఠ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి, అంతే. 24 నుంచి 720 మి.మీ. వరకు వెళ్ళే లెన్సు 30 రెట్లు; 28 నుంచి 840 వరకు వెళ్ళేదీ 30 రెట్లే. ఈ రెండూ ఒకేలా పనిచేయవు కాబట్టి రెట్లను పక్కనబెట్టి, లెన్సు రెండు కొసల అంకెలను విడివిడిగా చదవడం అలవాటు చేసుకోవాలి. (ఇక్కడ చెప్పే ఫోకల్ లెంగ్త్‌లన్నీ 35 మి.మీ. ఫిల్ముకు సమానమైన లెక్కలో ఇచ్చినవి. తయారీదారులు కూడా వివరాల పట్టికలో ఇదే లెక్క ఇస్తారు.) పట్టికలో ‘60 రెట్లు’ వంటి మరో అంకె కనిపిస్తే అందులో డిజిటల్ జూమ్ (చిత్రాన్ని కత్తిరించి పెద్దది చేసి చూపడం) కలిసి ఉందని గ్రహించండి. ఆప్టికల్ జూమ్ అని రాసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

దీనికొక చిన్న సూత్రం ఉంది. వస్తువు ఉన్న దూరాన్ని 36తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఆ దూరంలో ఫ్రేములో దాదాపు ఎంత వెడల్పు పడుతుందో తెలుస్తుంది. ఆర్.కె. బీచ్‌లోని ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామినే తీసుకుందాం. దాని పొడవు సుమారు 91 మీటర్లు. పక్క నుంచి మొత్తం ఫ్రేములో పట్టాలంటే 24 మి.మీ. లెన్సుతో సుమారు 61 మీటర్లు, 28 మి.మీ. లెన్సుతో సుమారు 71 మీటర్లు వెనక్కి వెళ్ళాలి. ఒకవైపు రోడ్డు, మరోవైపు ఇసుక ఉన్నచోట ఆ పది మీటర్లు దొరకడం, దొరకకపోవడం అనేది ఫొటో వస్తుందా రాదా అన్నదాన్ని తేల్చేస్తుంది. బొర్రా గుహల్లో కొన్నిచోట్ల వెనక్కి జరిగే వీలే ఉండదు. అందుకే దగ్గరి కొస (లెన్సు చిన్న అంకె) 24 లేదా 25 దాటకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు దూరపు కొసకు, అంటే పెద్ద అంకెకు వద్దాం. అవుటర్ హార్బర్‌లోకి అనుమతి కోసం లంగరు వేసుకున్న సరుకు ఓడ ఒకటి ఒడ్డుకు 4 కిలోమీటర్ల దూరంలో ఉందనీ, దాని పొడవు 200 మీటర్లనీ అనుకోండి. 250 మి.మీ. వద్ద ఫ్రేములో 576 మీటర్ల వెడల్పు పడుతుంది. ఓడ అందులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ ఆక్రమిస్తుంది. 360 వద్ద సగం, 720 వద్ద ఈ కొస నుంచి ఆ కొసకు నిండిపోతుంది. కెనాన్ ఎస్ఎక్స్ 740 హెచ్ఎస్ వంటి 40 రెట్ల కెమెరాలో 960కి వెళితే ఓడ ముక్కో తోకో ఫ్రేము బయటే ఉండిపోతుంది.

ఇంతవరకు చూస్తే 720 స్పష్టంగా గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ రెండు కెమెరాలను పక్కపక్కన పెట్టి చూడండి. 2018లో వచ్చిన పానసోనిక్ టీజెడ్ 200లో ఒక అంగుళం రకం సెన్సర్ (13.2 × 8.8 మి.మీ.), 24–360 మి.మీ. లెన్సు ఉన్నాయి, దూరపు కొసన ఎపర్చర్ (వెలుతురును లోనికి పంపే రంధ్రం) ఎఫ్ 6.4. అదే సంస్థ 2025లో తెచ్చిన టీజెడ్ 99లో 1/2.3 అంగుళం రకం సెన్సర్ (సుమారు 6.2 × 4.6 మి.మీ.), 24–720 లెన్సు, దూరపు కొసన అదే ఎఫ్ 6.4. మొదటిదానితో 360 వద్ద తీసిన ఫొటోలో మధ్య భాగాన్ని మాత్రం ఉంచి, నాలుగో వంతుకు కత్తిరిస్తే 720 వద్ద తీసిన దృశ్యమే వస్తుంది. ఆ నాలుగో వంతు సెన్సర్ వైశాల్యం సుమారు 29 చదరపు మి.మీ. చిన్న కెమెరా సెన్సర్ మొత్తం వైశాల్యం కూడా దాదాపు అంతే. రెండు లెన్సుల అసలు ఫోకల్ లెంగ్త్‌లు (35 మి.మీ. లెక్కలోకి మార్చనివి) చూసినా 132, 129 మి.మీ. అంటే ఒకే చిత్రానికి రెండూ దాదాపు ఒకే మోతాదు వెలుతురును సేకరిస్తున్నాయి. తేడా అల్లా పెద్ద సెన్సర్‌లో కత్తిరించాక 20 మెగాపిక్సెళ్లలో 5 మిగులుతాయి. 4 × 6 అంగుళాల ప్రింటుకు రెండున్నర మెగాపిక్సెళ్లు చాలు. ఫోన్ తెర మీద చూసుకోవడానికీ 5 ఎక్కువే.

కాబట్టి దూరపు కొసన పెద్ద సెన్సర్ పోగొట్టుకునేది కొద్ది. దగ్గరి కొసన, మధ్యలో లాభం మాత్రం పెద్దది. ఒకే ఎపర్చర్ వద్ద నాలుగు రెట్ల వైశాల్యం నాలుగు రెట్ల వెలుతురును పడుతుంది కనుక, చిన్న సెన్సర్ ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వాన్ని తెలిపే అంకె) 400 వద్ద ఇచ్చే శుభ్రత దీనికి 1600 వద్ద దక్కుతుంది. మన తీరంలో సూర్యుడు సముద్రం మీద ఉదయించి కొండల వెనక అస్తమిస్తాడు. జనం బీచ్‌కు చేరే సాయంత్రానికే వెలుతురు తగ్గుతుంది. ఆ వేళలో, గుహల్లో, రాత్రి బజారులో పనికొచ్చేది ఈ లాభమే.

పట్టపగలే తిరిగేవారికి, ఫిషింగ్ హార్బర్ మీద ఎగిరే గద్దలను గమనించడమే ఇష్టమైనవారికి, ఖర్చు తగ్గాలనుకునేవారికి 30 రెట్ల జూమ్ ఉన్న చిన్న సెన్సర్ కెమెరా సరైనదే. ఫొటో కత్తిరించే శ్రమ ఉండదు, పక్షిని తీసేటప్పుడే పెద్దదిగా చూసి గురి సరిచూసుకోవచ్చు, మంచి ఎండలో కొంత అదనపు వివరం కూడా దక్కుతుంది.

చేతి కదలికను కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్థిరీకరణ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేకుంటే 720 వద్ద షట్టర్ వేగం సెకనులో 720వ వంతుకు దగ్గరగా ఉండాలన్నది పాత నియమం. లెన్సులోని స్థిరీకరణ వల్ల 90వ వంతుతోనూ నిలకడైన ఫొటో రావచ్చు. అయితే అది మీ చేతి వణుకును ఆపగలదే గాని అల మీద ఊగే పడవను ఆపలేదు. దూరపు కొస పెరిగేకొద్దీ వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ) అవసరం పెరుగుతుంది: కెమెరాను కనుబొమకు ఆనించి, మోచేతులను పక్కలకు అదిమితే శరీరమే ఆసరా అవుతుంది. పైగా బీచ్ ఎండలో వెనుక తెర సరిగా కనిపించదు. టీజెడ్ 200లో వ్యూఫైండర్ ఉంది. సోనీ హెచ్ఎక్స్ 99లో నొక్కితే పైకి లేచేది ఉంది. ఎస్ఎక్స్ 740లో, టీజెడ్ 99లో అసలు లేదు. చేతులు చాచి 960 మి.మీ. వద్ద గురి పెట్టడం ఎంత కష్టమో దుకాణంలోనే ప్రయత్నించి చూడండి.

ఏ లెన్సూ దాటలేని హద్దు మరొకటి ఉంది. నీటి మీద వేడి గాలి అలలుగా కదిలేటప్పుడు దూరపు ఓడ అంచులు కరిగినట్టు వస్తాయి. అప్పుడు ఎక్కువ ఖర్చు పెట్టి కొన్న 960 కూడా ఆ చెదిరిన అంచులనే పెద్దవి చేసి చూపుతుంది. ఉదయం గాలి తేటగా ఉంటుంది గాని ఓడకు సూర్యుడు వెనక ఉంటాడు. మధ్యాహ్నం తర్వాత వెలుతురు అనుకూలంగా పడుతుంది. నౌకాదళ ప్రాంతాల్లో, నిషేధ బోర్డులున్నచోట ఫొటోలు తీయరాదన్న సంగతి విశాఖలో జూమ్ కెమెరా పట్టిన ప్రతివారికీ గుర్తుండాలి.

ఇక అభ్యాసం. ఫోన్‌లో మీ పాత ప్రయాణాల ఫొటోలు తెరిచి, ‘ఇంకాస్త దగ్గరగా ఉంటే బాగుండేది’ అనిపించిన ఐదింటిని ఎంచుకోండి. ఒక్కొక్కదానిలో ఆ వస్తువు ఎంత దూరంలో ఉంది, దాని వెడల్పు ఎంత అన్నది ఉజ్జాయింపుగా రాయండి. దూరాన్ని 36తో గుణించి వెడల్పుతో భాగిస్తే మీకు అవసరమైన ఫోకల్ లెంగ్త్ వస్తుంది. పక్కనే ఆ ఫొటో ఏ వేళలో తీశారో కూడా రాయండి. ఐదింటిలో ఎక్కువ భాగం 400 లోపు వచ్చినా, సాయంత్రం వేళవైనా ఒక అంగుళం సెన్సర్ వైపు చూడండి. 600 దాటి పగటివేళవైతే 30 రెట్ల వైపు. తర్వాతి పాఠంలో వాడిన కెమెరా లెన్సును కౌంటర్ దగ్గరే పరీక్షించడం నేర్చుకుంటాం. ఆ పరీక్షను మీకు అవసరమైన ఫోకల్ లెంగ్త్ వద్దే చేయాలి కనుక ఈ లెక్కలు రాసిన కాగితం సిద్ధంగా ఉంచుకోండి.