పారడాక్సా, ఆక్సిమోరానా? చివర ‘ను’ పెట్టి చూడండి

పారడాక్స్, ఆక్సిమోరాన్ అనే ఈ రెండు అలంకారాల్లోనూ పొసగని మాటలే ఉంటాయి. అందుకని విరోధం ఉందా లేదా అని వెతికితే తేడా తేలదు. ఆ విరోధం పదబంధంలో ఉందా, వాక్యం చెప్పే విషయంలో ఉందా అన్నది చూడాలి. పదబంధంలో ఉంటే ఆక్సిమోరాన్, విషయంలో ఉంటే పారడాక్స్.

‘తీయని బాధ’, ‘జీవచ్ఛవం’ ఆక్సిమోరాన్లు. ఎదురెదురు మాటలు అతుక్కుని ఒకే దానికి పేరయ్యాయి. ‘కొబ్బరి తోటల ఊళ్లో నీడ లేదు’ అన్నది పారడాక్స్. వినగానే ‘అదెలా?’ అని అడుగుతాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి తోటల్ని పడగొట్టిందని తెలిస్తే చిక్కు వీడుతుంది. అలా వీడకపోతే అది పారడాక్స్ కాదు, వట్టి పొంతన లేని మాట. అందుకే పరీక్షలో రాసే జవాబులో విరోధం ఎలా వీడిందో ఒక్క వాక్యమైనా రాయాలి.

క్రియ ఉంటే పారడాక్స్ అనే కొండగుర్తు తెలుగులో నమ్మదగ్గది కాదు. ‘ఓటమే గెలుపు’లో క్రియ లేదు, అయినా అది పూర్తి వాక్యం. దానికి బదులు చివర ‘ను’ చేర్చి చూడండి. ‘చల్లని నిప్పును తాకాడు’ నిలుస్తుంది కాబట్టి ‘చల్లని నిప్పు’ ఆక్సిమోరాన్. ‘ఓటమే గెలుపును చూశాడు’ అంటే వాక్యం చెడింది. ‘ఓటమే గెలుపు అని నమ్మాడు’ అంటేనే కుదురుతుంది. అంటే అది పారడాక్స్.

‘నవ్వే ఏడుపు’ దగ్గర మాత్రం జాగ్రత్త. నవ్వుతున్న ఏడుపు అనుకుంటే ఆక్సిమోరాన్, ఆ నవ్వే అసలు ఏడుపు అనుకుంటే పారడాక్స్. ముందూ వెనకా పంక్తులు చదవకుండా తేల్చకండి.

‘కష్టసుఖాలు’ రెండింట్లో ఏదీ కాదు. కష్టమూ సుఖమూ అని విడదీయగానే విరోధమే ఉండదు. మన విజయనగరం గురజాడ ‘దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్’ కూడా పారడాక్స్ కాదు. ఒకటి కాదని మరొకటి అవునన్నాడు, ఒకేదాన్ని అవుననీ కాదనీ అనలేదు. అది యాంటీథెసిస్, అంటే రెండు ఎదురు విషయాల్ని పక్కపక్కన పెట్టి చూపడం. ఇక పైకి విరోధంలా కనిపించే అలంకారశాస్త్రపు విరోధాభాసంలో చిక్కు తరచుగా శ్లేషతో, అంటే ఒకే మాటకు రెండు అర్థాలుండటంతో పుట్టి, మాటకు రెండో అర్థం తీసుకోగానే పోతుంది. కాబట్టి కళ్లు మూసుకుని పారడాక్స్‌కు ఆ పేరు పెట్టేయకండి.

ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. ‘ఆమె మౌనఘోషను ఊరంతా విన్నా ఎవరికీ వినపడలేదు’లో ‘మౌనఘోష’ ఆక్సిమోరాన్, మొత్తం వాక్యం పారడాక్స్: చెవిన పడింది, మనసుకు పట్టలేదు. ఇలాంటప్పుడు ఏ భాగం ఏదో విడివిడిగా గీత గీసి, రెండు పేర్లూ రాయండి.