ఫొటోను చేత్తో గీసిన యానిమేషన్ బొమ్మలా మార్చడం ఎలా?

ఫొటోలను మార్చే సాఫ్ట్‌వేర్ జింప్‌లో కార్టూన్ అనే పేరుతోనే ఒక ఫిల్టర్ ఉంది. ముందుగా మీ ఫొటో మీద దాన్నే ఒకసారి నొక్కి చూడండి. ముఖానికి మసి పూసినట్టు నల్లటి మరకలు పడతాయి. గడ్డం కింద ఉండాల్సిన గీత ఉండదు, చొక్కా ముడతల్లో మాత్రం అక్కర్లేని గీతలు కుప్పలుగా వస్తాయి. వెలుగు నీడల తేడా ఎక్కడ ఉంటే అక్కడ నలుపు పెట్టడం తప్ప ఆ ఫిల్టర్‌కు ఇంకేమీ తెలియదు. బొమ్మలు వేసే మనిషి అయితే కంటికి కనిపించేవాటిలో ముప్పాతిక వంతు వదిలేస్తాడు.

అందుకే ఇక్కడ ఫిల్టర్లకు చిల్లర పనులే అప్పగించి, గీత మనమే గీద్దాం. ఒక ఫొటోకు ఒక పూట పడుతుంది. ఉచితంగా దొరికే జింప్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ, లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు, ఉన్న ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇదే వరుసలో పని చేయవచ్చు.

కంప్యూటర్లు రాకముందు పాత్రలను సెల్ అనే పారదర్శకమైన షీటు మీద వేసేవారు. ముందువైపు గీత, వెనుకవైపు రంగు. నేపథ్యాన్ని విడిగా కాగితం మీద చిత్రించి, సెల్‌ను దాని మీద పరిచి కెమెరాతో తీసేవారు. పాత్ర చదునైన రంగుల్లోనూ, వెనుక దృశ్యం మెత్తగా కలిసిపోయిన రంగుల్లోనూ కనిపించడానికి కారణం అదే. మన లేయర్ల వరుస కూడా అలాగే ఉండాలి: అడుగున నేపథ్యం, దాని మీద రంగులు, ఆపైన నీడ, అన్నిటికంటే పైన గీత.

ఫొటో ఎంపిక

ఒక పక్క నుంచి వెలుగు పడి, ముఖం మీద నీడ స్పష్టంగా కనిపించే ఫొటో తీసుకోండి. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసినవి పనికిరావు. వాటిలో నీడే ఉండదు.

నేపథ్యం

ఫొటో లేయర్‌కు నకలు తీసి, ఫ్రీ సెలెక్ట్ పరికరంతో మనిషి చుట్టూ గీసి వేరు చేయండి. జుట్టును వెంట్రుక వెంట్రుకగా పట్టుకోవాలని చూడకండి, దాన్ని ఒక ముద్దగానే తీసుకోండి. అడుగున మిగిలిన అసలు ఫొటోలో ఒక చోటి రంగును ఇంకో చోట అద్దే క్లోన్ పరికరంతో మనిషి అంచులను చుట్టుపక్కల రంగులతో కప్పేయండి. ఈ పని మానేస్తే, తర్వాత బ్లర్ వేసి మసకబరిచినప్పుడు చొక్కా రంగు బయటికి కారి బొమ్మ చుట్టూ మబ్బులా నిలుస్తుంది. ఇప్పుడు సెలెక్టివ్ గాసియన్ బ్లర్, ఆ తర్వాత ఆర్టిస్టిక్ ఫిల్టర్లలోని, ఫొటోను తైలవర్ణ చిత్రంలా మార్చే ఆయిలిఫై వేసి, రంగుల గాఢత కాస్త తగ్గించండి. నేపథ్యానికి గీతలు వద్దు.

రంగు, నీడ

చాలామంది ఇక్కడ రంగుల సంఖ్యను తగ్గించే పోస్టరైజ్ వాడతారు. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను విడివిడిగా మెట్లుగా కోస్తుంది. దాంతో చర్మం మీద ఎక్కడినుంచో ఆకుపచ్చ, ఊదా చారలు తేలుతాయి. దానికి బదులు, కొత్త లేయర్‌లో చర్మానికి ఒక రంగు, జుట్టుకు ఒకటి, చొక్కాకు ఒకటి చొప్పున చదునుగా నింపండి. కలర్ పికర్‌తో రంగు తీసేటప్పుడు నీడలోంచి కాకుండా మధ్యస్థంగా వెలుగున్న చోటు నుంచి తీయండి.

నీడను మాత్రం ఫొటోయే ఇస్తుంది. వేరు చేసిన మనిషి లేయర్‌కు ఇంకో నకలు తీసి, రంగు తొలగించి, బాగా బ్లర్ చేసి, ఒక హద్దు కంటే ముదురుగా ఉన్నదంతా నలుపు, మిగతాది తెలుపు చేసే థ్రెషోల్డ్ వేయండి. నలుపు తెలుపుల్లో ఒక నీడ ఆకారం మిగులుతుంది. దాన్ని రంగుల మీద, తెలుపు మాయమై నలుపు మాత్రమే కింది రంగును ముదురు చేసే మల్టిప్లై పద్ధతిలో పెట్టి, ఓపాసిటీని, అంటే లేయర్ ఎంత గాఢంగా కనిపించాలన్నదాన్ని, 30 నుంచి 40 శాతానికి దించండి. నల్లటి జుట్టు ఎలాగూ మొత్తం నీడగానే వస్తుంది, అక్కడ చెరిపేయండి. బుగ్గ మీద చిన్న చిన్న తునకలు మిగిలితే అవీ తీసేయండి. ఒక్క మెట్టు నీడ చాలు.

గీత

పైన ఖాళీ లేయర్ తెరవండి. వేరు చేసిన మనిషి ఫొటోను దాని కిందే సగం ఓపాసిటీలో ఉంచి, ఆ ఫొటోను చూస్తూ పై లేయర్‌లో గీయండి. ఇది దొంగపని అనుకోనక్కర్లేదు. సినిమా ఫ్రేములను ఒక్కొక్కటిగా గాజు పలక మీద పడేలా చేసి వాటి ఆధారంగా గీసే రోటోస్కోప్ యంత్రానికి అమెరికన్ యానిమేటర్ మ్యాక్స్ ఫ్లైషర్ 1915లోనే పేటెంట్ దరఖాస్తు పెట్టాడు.

ఫొటో వెడల్పు 2000 పిక్సెళ్లు ఉంటే బయటి గీతకు 6 పిక్సెళ్ల బ్రష్, లోపలి గీతలకు 3 పిక్సెళ్లది సరిపోతుంది. పచ్చి నలుపు కాకుండా ముదురు గోధుమ రంగు వాడండి. బ్రష్ ఆప్షన్లలో స్మూత్ స్ట్రోక్ పెట్టుకుంటే చేతి వణుకు తగ్గుతుంది. మౌస్ మాత్రమే ఉన్నవారు పాత్స్ పరికరంతో వంపు వేసుకుని స్ట్రోక్ పాత్ నొక్కవచ్చు.

ముఖం దగ్గర పిసినారితనం చూపండి. ముక్కుకు కింది అంచు చాలు. పళ్లను ఒక్కొక్కటిగా విడదీశారా, బొమ్మ భయపెడుతుంది. అవి ఒకే తెల్లటి ఆకారం కావాలి. కంటి కింది గీతలు వయసును పదేళ్లు పెంచుతాయి, పెద్దవారి బొమ్మ అయితే తప్ప వాటి జోలికి వెళ్లకండి. పై రెప్ప గీత ఒక్కటి లావుగా ఉండనివ్వండి. గీయడం అయ్యాక ఫొటోను దాచేసి చూడండి. పోలిక పోయిందనిపిస్తే దాదాపు ఎప్పుడూ తప్పు కనుబొమ్మల్లోనే ఉంటుంది.

కదలిక

నిశ్చల చిత్రమే చాలనుకుంటే ఇక్కడితో ఆపవచ్చు. బొమ్మకు ప్రాణం పోయాలంటే గీత లేయర్‌ను ఇంకో రెండుసార్లు మొదటినుంచి గీయండి. నకలు తీసి అటూ ఇటూ జరిపితే బొమ్మంతా ఊగినట్టు ఉంటుంది తప్ప గీత బతికినట్టు ఉండదు. రంగులు, నేపథ్యం మూడింటిలోనూ అవే.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడిచినా, చేతి యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచి 12 బొమ్మలతో సరిపెట్టడం మామూలే. మన మూడు గీతలకు అంత వేగం కూడా అక్కర్లేదు, సెకనుకు 8 బాగుంటుంది. లేయర్లున్న అసలు ఫైలును ముందు జింప్ సొంత ఫార్మాట్ అయిన ఎక్స్‌సీఎఫ్‌గా భద్రపరచండి. తర్వాత ఒక్కో గీతతో ఒక్కో పూర్తి చిత్రాన్ని ఎగుమతి చేసి, మూడింటినీ ఓపెన్ యాజ్ లేయర్స్‌తో కలిపి తెరవండి. కదిలే బొమ్మలకు వాడే గిఫ్ ఫైలుగా ఎగుమతి చేసేటప్పుడు యాజ్ యానిమేషన్ గుర్తు పెట్టి, ఫ్రేముల మధ్య వ్యవధి 125 మిల్లీసెకన్లు ఇవ్వండి. గిఫ్‌లో ఒక్కో ఫ్రేముకు 256 రంగులే ఉంటాయి. చదునైన రంగులకు ఇబ్బంది లేదు, ఆకాశం మాత్రం చారలుగా విడిపోవచ్చు. అలా అయితే నేపథ్యంలో రంగులు తగ్గించి మళ్లీ ఎగుమతి చేయండి.

ఓపిక ఇంకా మిగిలి ఉంటే కళ్లు మూసిన చిత్రం ఒకటి అదనంగా గీసి, మూడు గీతల వరుస ఎనిమిదిసార్లు తిరిగాక ఒక్కసారి దాన్ని చొప్పించండి. మూడు సెకన్లకోసారి బొమ్మ రెప్ప వేస్తుంది.