ఇంగ్లీషు మనకు మనమే – 7వ పాఠం: పేరు వెనకాల వచ్చే 'ఇంగ్'

కిందటి పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో మొదటి వాక్యం గుర్తుందా? విజయనగరం పైడితల్లి పండగలో ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను గురించి. 'సిరిమాను మీద కూర్చున్న మనిషి పూజారి' అన్నదాన్ని 'హూ' పెట్టి రాయమన్నాను. జవాబు ఇది: "ద మ్యాన్ హూ ఈజ్ సిట్టింగ్ ఆన్ ద సిరిమాను ఈజ్ ద ప్రీస్ట్."

ఇప్పుడు ఇందులోంచి 'హూ ఈజ్' అన్న రెండు మాటలూ కొట్టేయండి. "ద మ్యాన్ సిట్టింగ్ ఆన్ ద సిరిమాను ఈజ్ ద ప్రీస్ట్." అర్థం ఏమీ మారలేదు, వాక్యం తేలికైంది. 'మ్యాన్' అన్న పేరు (నామవాచకం) వెనకే 'సిట్టింగ్' అన్న 'ఇంగ్' మాట నేరుగా వచ్చి నిలబడింది. ఇవాళ్టి పాఠం ఇంతే అనిపిస్తుంది గానీ, మెలికలన్నీ ఇక్కడి నుంచే. (ఉదాహరణలు ఎప్పటిలాగే తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు నోట్‌బుక్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. స్పెల్లింగులు కూడా చేతికి అలవాటవుతాయి.)

మనం ముందు వర్ణించి, తర్వాత మనిషిని చూపిస్తాం: 'బస్సులో ఏడుస్తున్న పాప'. ఇంగ్లీషులో పాప ముందు, ఏడుపు వెనక: "ద బేబీ క్రయింగ్ ఇన్ ద బస్". ఒంటరి మాటయితే మాత్రం మనలాగే ముందుకొస్తుంది: "ఎ క్రయింగ్ బేబీ". ఎక్కడ, దేనితో, ఎవరి కోసం అని దానికి తోక తగిలిందా, వెనక్కి పోతుంది.

మొదటి పొరపాటు నేను చేసిందే చెబుతాను. డిగ్రీ రోజుల్లో ఆమదాలవలస స్టేషన్‌లో ఒక ఒరియా ఆయన నాతో మాట కలిపి, మీ తమ్ముడు ఏడీ అని ఇంగ్లీషులో అడిగారు. "ద బాయ్ ఈజ్ స్టాండింగ్ నియర్ ద టీ స్టాల్ ఈజ్ మై బ్రదర్" అన్నాను గర్వంగా. ఆయనకు అర్థమైంది, నవ్వలేదు కూడా. కానీ వాక్యం తప్పు. 'ద బాయ్ ఈజ్ స్టాండింగ్' అనగానే కుర్రాడు నిలబడి ఉన్నాడు అని మాట పూర్తయిపోయింది. మొదటి 'ఈజ్' అక్కడ కాపురం పెట్టేశాక రెండో 'ఈజ్' వచ్చి ఎక్కడుంటుంది? పేరుకీ 'ఇంగ్'కీ మధ్య 'ఈజ్' వద్దు: "ద బాయ్ స్టాండింగ్ నియర్ ద టీ స్టాల్ ఈజ్ మై బ్రదర్."

ఆ చివరి 'ఈజ్' కూడా 'బాయ్' మాట వింటుంది, పక్కనున్న మాటది కాదు. "ద బాక్స్ కంటెయినింగ్ మ్యాంగోస్ ఈజ్ హెవీ." మామిడిపళ్లు ఎన్నున్నా బరువు పెట్టెదే, కాబట్టి 'ఆర్' రాదు. ఇక్కడే ఒక చిత్రం చూడండి. 'ద బాక్స్ ఈజ్ కంటెయినింగ్ మ్యాంగోస్' అనకూడదని మూడో పాఠంలో చెప్పుకున్నాం. అదే 'కంటెయినింగ్' పేరు వెనక చేరితే తప్పు లేదు. "ద రోడ్ లీడింగ్ టు అరసవల్లి" కూడా అంతే. ఆ రోడ్డు ఇప్పుడేమీ నడవడం లేదు, ఎప్పుడూ అటే వెళ్తుంది.

ఇక అసలు చిక్కు. మా వీధి ట్యూషన్‌లో ఒక పిల్లాడు అడిగాడు: "అదేటి మాస్టారూ, 'అమ్మ కొన్న చీర' అంటే 'ద శారీ బయింగ్ మదర్' కాదా?" కాదు. అలా అంటే చీరే వెళ్లి అమ్మను కొన్నట్టు! తెలుగు ఇక్కడ మహా ఉదారం. కొన్న అమ్మ, కొన్న చీర, కొన్న కొట్టు, కొన్న రోజు... అన్నిటికీ 'కొన్న' ఒక్కటే సరిపోతుంది. 'ఇంగ్' అలా కాదు, పిసినారి. ఆ పని చేసేవాళ్ల వెనకే నిలబడుతుంది. "ద వుమన్ బయింగ్ ద శారీ" సరే. చీర గురించయితే "ద శారీ మై మదర్ బాట్" అనాలి.

పొందూరు ఖద్దరు తీసుకోండి. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు. చేసేవాళ్ల గురించి చెబితే "ద వుమెన్ క్లీనింగ్ కాటన్ విత్ ఎ ఫిష్ జా". బట్ట గురించి చెబితే "ద క్లాత్ వోవెన్ ఇన్ పొందూరు". బట్ట నేయదు, నేయబడుతుంది. ఈ 'వోవెన్' సంగతి వచ్చే పాఠంలో.

కాలం దగ్గర ఇంకో పేచీ. మనకు అమ్మిన, అమ్ముతున్న, అమ్మే అని మూడు రూపాలున్నాయి. 'సెల్లింగ్'లో కాలం కనపడదు. "ఐ సీ ఎ మ్యాన్ సెల్లింగ్ జీడిపప్పు" అంటే ఇప్పుడు అమ్ముతున్నాడు, "ఐ సా" అంటే అప్పుడు అమ్ముతున్నాడు. అయితే నిన్న జరిగి ముగిసిపోయిన పనికి 'ఇంగ్' పనికిరాదు. 'నిన్న నా పర్సు కొట్టేసినవాడు' అనడానికి "ద మ్యాన్ హూ స్టోల్ మై పర్స్ యెస్టర్‌డే" అనే అనాలి.

అలాగని తెలుగులో 'అమ్మిన' లాంటి జరిగిపోయిన రూపం వినపడ్డ ప్రతిచోటా భయపడకండి. కూర్చున్న, నిలబడ్డ, పడుకున్న, కట్టుకున్న: ఇవి చూడ్డానికి అయిపోయిన పనుల్లా ఉన్నా, ఆ స్థితి ఇంకా నడుస్తూనే ఉంది. 'ఎర్రచీర కట్టుకున్న ఆవిడ' కట్టుకోవడం పొద్దున్నే అయిపోయింది, చీర మాత్రం ఇప్పుడూ ఒంటి మీదే ఉంది. అందుకే "ద వుమన్ వేరింగ్ ఎ రెడ్ శారీ". నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే, 'హూ వోర్' అనేస్తారు. తెలుగు మాట రూపాన్ని చూడకుండా, ఆ మనిషిని కళ్ల ముందు పెట్టుకుని చూడండి.

ఈ వారానికి నాలుగు. నాగావళి ఒడ్డున గాలిపటాలు ఎగరేస్తున్న పిల్లలు. విజయనగరం గంటస్తంభం దగ్గర పూలు అమ్మే ముసలమ్మ. పలాసలో మేం కొన్న జీడిపప్పు. కళ్లజోడు పెట్టుకున్న కండక్టరు. వీటిలో ఒకదానికి 'ఇంగ్' కుదరదు. అది ఏదో, ఎందుకో పక్కన తెలుగులోనే ఒక ముక్క రాసి ఉంచండి. ఎనిమిదో పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.