కళ్ళు తిరిగితే కూర్చోండి: ఆరుబయట కచేరీలకు వెళ్ళే బ్యాండ్ వాళ్ళకు వేసవి జాగ్రత్తలు

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. 2023 జూన్ 10న లండన్‌లో, రాజు పుట్టినరోజు పెరేడ్‌కు వారం ముందు జరిగిన రిహార్సల్ అది. ప్రిన్స్ విలియం గుర్రం మీద కూర్చుని చూస్తున్నాడు. ఎండ 30 డిగ్రీలు. అంకె చూస్తే పెద్ద ఎండ కాదనిపిస్తుంది. కానీ ఒంటి మీద మందపాటి ఉన్ని కోటు, తల మీద ఎలుగుబంటి తోలు టోపీ, గంటల తరబడి నిలబడటం. కనీసం ముగ్గురు సైనికులు సొమ్మసిల్లి పడిపోయారు. వాళ్ళలో ఒకడు ట్రాంబోన్ అనే పొడవాటి ఇత్తడి బాకా ఊదేవాడు. పడ్డవాడు లేచి, తూలుతూనే ట్రాంబోన్ మళ్ళీ నోటికి ఆనించి ఊదబోయాడు. ఆ తర్వాత వైద్య సిబ్బంది వచ్చి అతన్ని చూసుకున్నారు.

చాలామంది దాన్ని చూసి శభాష్ అన్నారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా మిలిటరీ బ్యాండ్‌లో యూఫోనియం అనే పెద్ద ఇత్తడి వాద్యం ఊదినవాణ్ణి. ఆ లేచి నిలబడటమే మనవాళ్ళను ముంచుతుందని దగ్గరుండి చూశాను.

నీళ్ళు తాగండి, నీడన ఉండండి లాంటివి మీకు తెలుసు. వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: కళ్ళు తిరుగుతున్నట్టు అనిపించిన క్షణంలోనే కూర్చోండి. పాట మధ్యలో ఉన్నా, జనం చూస్తున్నా, ముందు వరసలో పెద్దవాళ్ళున్నా సరే.

మామూలు సైనికుడు సొమ్మసిల్లి పడితే మోకాలు గీసుకుపోతుంది, నుదుటికి బొప్పి కడుతుంది. ఊదే వాద్యం పట్టుకున్నవాడి సంగతి వేరు. అతని ముఖానికీ నేలకూ మధ్య కిలోల బరువున్న ఇత్తడి ఉంటుంది. పడేటప్పుడు చేతులు ఆనించుకోవడానికి వీల్లేదు, రెండు చేతులూ వాద్యం మీదే ఉంటాయి. పెదాలకు ఆనించి ఊదే మౌత్‌పీస్ నేరుగా పళ్ళ మీదకు వస్తుంది.

మా బ్యాండ్‌లో ఒక కుర్రాడు కార్నెట్ అనే, ట్రంపెట్ లాంటి చిన్న ఇత్తడి వాద్యం ఊదేవాడు. నాకు ముందు వరసలో, కాస్త ఎడమ పక్కన అతని చోటు. ఆ రోజు వెనక నుంచి నాకు కనిపించింది అతని చెవులే. ఎండకు ఎర్రగా కందిపోయిన చెవులు చూస్తుండగానే పాలిపోయి, సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఒకసారి తల విదిలించుకున్నాడు. మళ్ళీ కార్నెట్ పెదాలకు ఆనించాడు. ఇంకోసారి విదిలించుకున్నాడు. మళ్ళీ ఆనించాడు. మూడోసారి కార్నెట్‌తో సహా ముందుకు పడ్డాడు. పై పన్ను ఒకటి విరిగింది, పక్క పన్ను లోపలికి వంగింది. పై పెదవి మౌత్‌పీస్ అంచు మేర నెలవంకలా చీలింది. కుట్లు మానాయి, పన్ను కట్టించారు. పై స్థాయి స్వరాలు మాత్రం తిరిగి రాలేదు. ఏడాది తర్వాత అతన్ని స్వరలిపి కాగితాలు సర్దే పనిలో వేశారు. వయసు ఇరవై నాలుగు.

ఆ చెవులు తెల్లబడటం నేను చూశాను. చూస్తూ నా పార్టు ఊదుకుంటూనే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఎందుకు పడిపోతామో అర్థమైతే కూర్చోవడానికి సిగ్గనిపించదు. కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. దాన్ని పైకి తోసేది పిక్కల కండరాలు. అవి కదలకపోతే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, మెదడుకు అందేదీ తగ్గుతుంది. ఎండలో తనను చల్లబరచుకోవడానికి ఒళ్ళు రక్తాన్ని చర్మం వైపు మళ్ళిస్తుంది, చెమటతో నీరు పోతుంది, ఇంకా తగ్గుతుంది. ఊదేవాళ్ళకు దీని మీద ఇంకో దెబ్బ ఉంది. పై స్వరాన్ని పట్టి నిలిపినప్పుడు ఛాతీ లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి గుండెకు చేరాల్సిన రక్తాన్ని అడ్డుకుంటుంది. చల్లటి గదిలో కూడా ట్రంపెట్ వాళ్ళకు పెద్ద స్వరం తర్వాత కళ్ళు బైర్లు కమ్మేది ఇందుకే. పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు. కూర్చుంటేనో పడుకుంటేనో తల గుండెకు దగ్గర ఎత్తుకు వస్తుంది, రక్తం అందుతుంది. పడిపోవడం ద్వారా ఒళ్ళు చేసుకునే వైద్యమూ అదే. ఆ పని మీరే ముందుగా, పళ్ళు పోగొట్టుకోకుండా చేయండి.

ఎలా కూర్చోవాలో కూడా సాధన చేయాలి, స్కేళ్ళు సాధన చేసినట్టే. వాద్యం పెదాల నుంచి తీయడం, పక్కకు తిప్పడం, ఒక మోకాలు నేలకు ఆనించడం, తల కిందికి వంచడం. రిహార్సల్‌లో నాలుగుసార్లు చేయిస్తే చాలు, అవసరమైనప్పుడు ఒళ్ళే చేసుకుపోతుంది. కొయ్యలా సావధాన్‌లోనే పడిపోవడాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట వినకండి.

ముందు వచ్చే గుర్తులు: ఊరికే ఆవలింతలు, చెవుల్లో హోరు, చూపు అంచుల నుంచి నల్లబడటం, ముచ్చెమటలు, కడుపులో తిప్పడం, పక్కవాడి శబ్దం దూరం నుంచి వస్తున్నట్టు ఉండటం. వీటికీ పడిపోవడానికీ మధ్య కొన్ని క్షణాలే ఉంటాయి. ఈ చరణం అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

ఇక సీజన్ మొదలుకాకముందు చూసుకోవాల్సినవి.

ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. చల్లటి రిహార్సల్ గదిలో నెల రోజులు వాయించి, మొదటి కచేరీ రోజే నేరుగా ఎండలోకి వస్తే ఆ నెల లెక్కలోకి రాదు. రెండు వారాల ముందు నుంచి రోజూ కొంతసేపు బయటే వాయించండి, సమయం మెల్లగా పెంచండి. మొదట మామూలు బట్టల్లో, తర్వాత పూర్తి యూనిఫాంలో. సెలవు మీద వెళ్ళి మధ్యలో వచ్చినవాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి.

వేడిని థర్మామీటర్ ఒక్కదానితో కొలవకండి. 1950ల్లో అమెరికా మెరైన్ల శిక్షణ శిబిరంలో వడదెబ్బలు ఆపడానికి పుట్టిన లెక్క ఒకటుంది, వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అంటారు. అందులో తడి బల్బు, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ కొలతకు 70 శాతం, ఎండలో పెట్టిన నల్లటి గోళం కొలతకు 20 శాతం, మామూలు గాలి వేడికి 10 శాతం. అంటే ఉక్కపోతదే పెద్ద వాటా. ఈ అంకె 32.2 డిగ్రీలకు చేరితే అమెరికా సైన్యంలో నల్ల జెండా ఎగరేస్తారు, అత్యవసరం కాని కసరత్తులు ఆపేస్తారు. కచేరీ అత్యవసరం కాదు. పైగా ఆ అంకెలు పల్చటి బట్టల మీద వేసినవి. మందపాటి కోటు వేసుకున్నవాళ్ళు అంతకంటే ముందే ఆగాలి.

మందుల సంగతి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు చెమట పట్టనివ్వవు. బీపీకి వాడే నీళ్ళ మాత్రలు ఒంట్లో నీరు తీసేస్తాయి. సోలో వాయించే ముందు చేతులు వణక్కుండా బీటా బ్లాకర్ వేసుకునేవాళ్ళు మనలో ఉన్నారు, మనందరికీ తెలుసు. అది గుండె వేగాన్ని పెరగనివ్వదు. ఎండలో నిలబడ్డప్పుడు గుండె వేగం పెరగడమే మిమ్మల్ని నిలబెడుతుంది. డాక్టరుతో మాట్లాడకుండా ఎండ కచేరీకి అది వేసుకోవద్దు.

వాద్యాల గురించి కొంచెం. కర్ర క్లారినెట్‌ను ఏసీ గది నుంచి నేరుగా ఎండలోకి తేవద్దు. కర్ర లోపలా బయటా ఒకే వేగంతో వ్యాకోచించదు, పై భాగంలో రంధ్రాల దగ్గర సన్నటి వెంట్రుకలాంటి చీలిక మొదలవుతుంది. బయటి కచేరీకి ప్లాస్టిక్‌ది తీసుకెళ్ళండి, శబ్దం కాస్త తగ్గినా పర్వాలేదు. మూసిన కారులో వాద్యం వదలకండి. బయట 35 ఉంటే లోపల గంట తిరక్కముందే 50 దాటుతుంది, రంధ్రాలు మూసే ప్యాడ్‌లను అంటించిన లక్క మెత్తబడుతుంది. శ్రుతి మాత్రం వాయించే చోటే చేసుకోండి. 20 డిగ్రీల దగ్గర గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతే, 35 దగ్గర దాదాపు 352 పోతుంది. ఊదే వాద్యాలన్నీ శ్రుతి పైకి జారతాయి. శ్రుతి సరిచేసే జారుడు గొట్టాన్ని (స్లైడ్) బయటకు లాగకుండా పెదాలతో కిందికి దించాలని చూస్తే పావుగంటలో పెదాలు అలిసిపోతాయి, ఊపిరి ఎక్కువ పట్టాల్సి వస్తుంది, మళ్ళీ కళ్ళు తిరగడం దగ్గరికే వస్తాం.

బ్యాండ్‌మాస్టర్‌లకు ఒక మాట. మీ వాళ్ళు ఎక్కువగా పడిపోయేది సంగీతం మధ్యలో కాదు, ఉపన్యాసాల మధ్యలో. వాయించేటప్పుడు కనీసం ఒళ్ళు కదులుతుంది. వేదిక మీద ముఖ్య అతిథి ముప్పావుగంట మాట్లాడుతుంటే బ్యాండ్ సావధాన్‌లో రాయిలా నిలబడి ఉంటుంది. ఉపన్యాసాలప్పుడు బ్యాండ్ కూర్చుంటుందని నిర్వాహకులకు ముందే రాసివ్వండి. ఒప్పుకోకపోతే నీడలోకి తీసుకెళ్ళండి. అంతకంటే ముఖ్యం: ప్రతి కచేరీకి ముందు, అందరూ వినేలా, "కళ్ళు తిరిగితే కూర్చోండి, ఎవరినీ ఏమీ అనను" అని మీ నోటితో చెప్పండి. మీరు చెప్పకపోతే కుర్రాళ్ళు కూర్చోరు. మా కార్నెట్ కుర్రాడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

మిగతావి గుర్తొచ్చిన వరసలో చెబుతున్నాను.

మోకాళ్ళు బిగించి నిలబడకండి. బూట్ల లోపల కాలివేళ్ళు ముడవండి, విప్పండి. మడమలు అంగుళం లేపి దించండి, ప్యాంటు కింద ఎవరికీ కనబడదు.

కాలర్‌లో రెండు వేళ్ళు దూరాలి. బిగుతు కాలర్ మెడ పక్కనున్న రక్తనాళాన్ని నొక్కితే కొందరికి అదొక్కటే చాలు పడిపోవడానికి.

ఖాళీ కడుపుతో రావద్దు. ముందు రాత్రి మందు తాగి రావద్దు. గత రెండు రోజుల్లో జ్వరమో విరేచనాలో ఉంటే ఆ రోజు వాయించవద్దు.

నీళ్ళు గంటకు 1.4 లీటర్లు దాటకూడదు. ఒకేసారి దాహం తీరా లీటర్లు లీటర్లు పోసుకుంటే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అదీ ప్రాణం తీస్తుంది.

భుజాన మోసే పెద్ద ఇత్తడి బాకా సూసాఫోన్ వాళ్ళను, బాస్ డ్రమ్ వాళ్ళను ప్రతి విరామంలో బరువు దించమనండి. ఆ బరువు ఛాతీని నొక్కుతూ ఉంటుంది.

మౌత్‌పీస్‌ను ఎండలో పెట్టకండి. జేబులో ఉంచుకోండి. కాలిన పెదవితో వారం పోతుంది.

సన్‌స్క్రీన్ అరగంట ముందే రాసుకుని, మౌత్‌పీస్ ఆనే చోట తుడిచేయండి. జారితే గట్టిగా నొక్కుతారు.

ఉరుము వినబడితే కచేరీ అయిపోయినట్టే. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. స్టేజీ మీద కప్పు ఉంది కదా అనుకోవద్దు, అది ఆశ్రయం కాదు. పక్కా భవనంలోకో కారులోకో వెళ్ళండి. వాద్యాలు అక్కడే వదిలేయండి.

ఈదురుగాలి లేస్తే స్టేజీ దిగండి. 2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా రాష్ట్ర ప్రదర్శనలో గాలికి స్టేజీ కప్పు కూలి ఏడుగురు చనిపోయారు. ఎవరి అనుమతి కోసమూ చూడకండి.

ప్రతి ఒక్కరికీ ఒక జత. పక్కవాడి ముఖం చూడటం మీ పార్టులో భాగం. చెవులు చూడండి, పెదాల రంగు చూడండి. తెల్లబడితే భుజం మీద చేయి వేసి కిందికి నొక్కి కూర్చోబెట్టండి. అడగవద్దు. అడిగితే బాగానే ఉన్నానంటాడు.

పడుతుంటే మనిషిని పట్టుకోండి, వాద్యాన్ని కాదు. సొట్టలు తీయించవచ్చు.

బాగా అనుభవం ఉన్నవాడు వరస తప్పినా, కండక్టర్ ఆపాక కూడా ఊదుతూనే ఉన్నా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా అది మామూలు సొమ్మ కాదు, వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని కొట్టిపారేయకండి. ఎండలో శ్రమపడి వచ్చే వడదెబ్బలో చెమట ఉంటూనే ఉంటుంది. ముందు చల్లబరచండి, తర్వాతే ఆసుపత్రికి తరలించండి. మంచునీళ్ళ తొట్టిలో మెడ దాకా ముంచి, తల పట్టుకుని ఉండండి. తొట్టి లేకపోతే తడి దుప్పట్లు కప్పి, మెడకూ చంకలకూ గజ్జలకూ మంచు పెట్టి, విసరండి. అంబులెన్స్‌కు ఫోన్ వేరొకరు చేయాలి, వెంటనే. నీళ్ళ తొట్టి, మంచు కచేరీకి ముందే స్టేజీ వెనక సిద్ధంగా ఉండాలి. లేకపోతే స్టేజీ ఎక్కవద్దు.

మామూలు సొమ్మ అయితే నీడలో వెల్లకిలా పడుకోబెట్టండి, కాళ్ళు పైకి, కాలర్ విప్పండి, బెల్టు విప్పండి. పావుగంట దాకా లేవనివ్వకండి. రెండు నిమిషాల్లోనే "నాకేం కాలేదు, చివరి మార్చ్‌కు వచ్చేస్తాను" అంటాడు. లేచి నిలబడతాడు కూడా. వద్దనండి, కూర్చోబెట్టండి. ఆ రోజుకు వాద్యాన్ని పెట్టెలో పెట్టేసి తాళం మీ దగ్గర ఉంచుకోండి.