ఈఈజీ పెట్టాలంటే ముందు టేపు పట్టండి

ఈఈజీ, అంటే మెదడులో పుట్టే కరెంటును గీతలుగా రాసే పరీక్ష. ఆ గదిలో కొత్తగా చేరినవాళ్లు కంటి అంచనాతో తలకి ఎలక్ట్రోడ్లు (వైర్లున్న చిన్న బిళ్లలు) అంటించేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకవైపు సెంటీమీటరు జరిగినా కుడి ఎడమల గీతల్లో తేడా వస్తుంది, డాక్టరు దాన్ని జబ్బనుకోవచ్చు.

మన హైదరాబాద్ పేషెంట్లు కూర్చోగానే అడిగేది ఒకటే, "కరెంటు పెడతారా మేడమ్?" అని. "లేదమ్మా, మీ మెదడులో పుట్టేదే రాసుకుంటాం" అని చెప్పాకే తల ముట్టండి. భయంతో పళ్లు బిగిస్తే కణతల దగ్గర కండరాల గీతలే నిండిపోతాయి.

ముక్కు మొదట్లో, కనుబొమల మధ్య గుంట నాసియన్. మెడ మీంచి వేలు పైకి జరిపితే తల వెనక తగిలే ఎముక బుడిపె ఇనియన్. ఈ రెంటి మధ్య నడినెత్తి మీదుగా టేపు వేయండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. ముందు 10 శాతం, అంటే 3.6 దగ్గర గుర్తు. అక్కణ్నుంచి 20 శాతం చొప్పున ఒక్కో ఎలక్ట్రోడ్ చోటు, వాటి పేర్లు ఇవీ: ఎఫ్‌జెడ్ 10.8, సీజెడ్ 18, పీజెడ్ 25.2, ఓజెడ్ 32.4. చివర మళ్లీ 3.6 మిగలాలి. మిగల్లేదా, టేపు జారింది. 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రచురించిన ఈ పద్ధతికి 10-20 అన్న పేరు ఆ శాతాల వల్లే వచ్చింది. బడిపిల్లకైనా పాతబస్తీ పహిల్వానుకైనా లెక్క మారదు.

తర్వాత చెవి ముందు గుంట నుంచి రెండో చెవి దాకా, సీజెడ్ మీదుగా. చెవి నుంచి 10 శాతానికి టీ3, 30కి సీ3. తల చుట్టూ కొలిచి ఎఫ్7, టీ5, ఓ1 లాంటివి పెట్టాలి. బేసి అంకెలు ఎడమ, సరి అంకెలు కుడి. కొన్ని మెషిన్లలో టీ3ని టీ7 అంటారు, కంగారుపడకండి.

అసలు తంటా జుట్టుతోనే. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే "తలస్నానం చేసి రండి, నూనె రాయకండి" అని చెప్పాలి. చెప్పినా కొబ్బరినూనెతో నిగనిగలాడుతూ వచ్చేవాళ్లు ఉంటారనుకోండి. దువ్వెన తోకతో పాపిడి తీసి, చర్మం కనబడ్డాక జెల్‌తో మెల్లగా రుద్దండి. పేస్టు శనగగింజంత చాలు. ఎక్కువైతే పక్కదాని దాకా పాకి రెండూ ఒకటైపోతాయి.

ఇంపీడెన్స్, అంటే చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకు ఉండే అడ్డు, 5 కిలోఓమ్‌ల లోపు, అన్నింటిదీ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒక్కటి పెరిగినా గోడ కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గోల గీతల్లోకి దూరుతుంది. అప్పుడు ఫిల్టరు నొక్కేసి ఊరుకోవద్దు, ఆ ఎలక్ట్రోడ్ తీసి మళ్లీ పెట్టండి.

ఇక "ఆంఖే బంద్ కరో అమ్మా", కళ్లు మూసుకోమ్మా అనండి. మెలకువగా ఉన్న పెద్దవాళ్లలో సాధారణంగా తల వెనకుండే ఓ1, ఓ2లలో సెకనుకు 8 నుంచి 13 అలలు రెండువైపులా కనిపిస్తాయి. రికార్డింగ్ మొదలుపెట్టండి.